రాజశేఖరం ఫ్యాక్టరీలో ఏం తయారయ్యేది?

పోయిన దసరాకి ఇల్లు దులుపుతుంటే మంచం కింద నుంచి రేకు పెట్టె ఒకటి బయటపడింది. పాత చీరలేమో అనుకుంటూ తెరిచా. లోపల పదకొండు నవలలు. ప్రతిదాని మొదటి పేజీ మీదా ఒక అద్దె పుస్తకాల షాపు రబ్బరు ముద్ర, పక్కన చేత్తో వేసిన నంబరు. ఆ షాపు బొల్లారంలో ఉండేది. మూసేసే రోజుల్లో పుస్తకాలని కిలోల లెక్కన అమ్మేస్తుంటే అమ్మ కొన్నిటిని ఏరుకుని తెచ్చుకుందట. యద్దనపూడి సులోచనారాణివి అయిదు, కోడూరి కౌసల్యాదేవివి రెండు, మాదిరెడ్డి సులోచనవి రెండు, రంగనాయకమ్మ 'స్వీట్ హోమ్', యండమూరి 'వెన్నెల్లో ఆడపిల్ల'. ఆ చివరిదానికి అట్ట లేదు. ఉండదు కూడా. ఊరూరా ఎక్కువ చేతులు మారిన పుస్తకాల్లో అదొకటి.

నేను ప్రేమ నవలలు చదివేవాణ్ణి కాను. సరిగ్గా చెప్పాలంటే, చదవనని నలుగురిలో చెప్పుకునేవాణ్ణి. ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు ఆరడుగుల అందగాడు, ఇంపాలా కారు, సిల్కు లాల్చీ అంటూ వీటిని వెటకారం చేస్తూ కాలేజీ పత్రికకి ఒక వ్యాసం కూడా రాశా. అందరూ నవ్వారు. ఆ వ్యాసం రాసేనాటికి అందులో చెప్పిన నవలల్లో ఒక్కటి కూడా నేను పూర్తిగా చదివి ఉండలేదు. సినిమాలు చూసి, అట్టలు చూసి, పెద్ద విమర్శకులు వీటిని కాలక్షేపం బఠాణీలన్నారని విని రాసేశా. ఈ రెండు నెలల్లో పదకొండూ చదివాను. కొన్ని నచ్చాయి, కొన్నిటిని సగంలో గోడకేసి కొట్టాలనిపించింది. కానీ చదువుతున్నంతసేపూ ఒక అనుమానం మాత్రం వదల్లేదు. 'సెక్రటరీ' పూర్తిచేసిన రోజు రాత్రి ఉండబట్టలేక అమ్మనే అడిగేశా.

"అమ్మా, ఈ రాజశేఖరం కంపెనీల ఏం తయారు చేస్తరే?"

అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. కాసేపు ఆలోచించింది. "ఏమోరా. పైసలు తయారైతయి గావచ్చు," అంది.

ఈ వ్యాసం ఆ జవాబు దగ్గరే మొదలైంది. తెలుగు ప్రేమ నవలల్లో నాయకుడికి ఫ్యాక్టరీ ఉంటుంది. మేము ఫ్యాక్టరీల మధ్యన బతికాం. ఈ రెండు ఫ్యాక్టరీలకీ ఏమన్నా సంబంధం ఉందా?

మాది కాజీపల్లి. అప్పట్లో మెదక్ జిల్లా జిన్నారం మండలం, 2016లో జిల్లాలు విడగొట్టినప్పటి నుంచి సంగారెడ్డి జిల్లా. గండిమైసమ్మ చౌరస్తా దాటి వస్తుంటే ఊరి బోర్డు కన్నా ముందు ఊరి వాసన తగిలేది. మందుల ముడిసరుకు తయారుచేసే కెమికల్ ఫ్యాక్టరీలు వరుసగా ఉంటాయి. రాత్రి పదకొండు దాటాక గాలి మారితే కిటికీలు మూసుకునేవాళ్ళం. మా చెరువు గురించి పేపర్లలో వచ్చినన్ని వార్తలు మా ఊరి మనుషుల గురించి రాలేదు. అందులోకి పారిన రంగునీళ్ళ గురించి, చచ్చి తేలిన చేపల గురించి కోర్టుల దాకా పోయారు. మా నాన్న ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. అమ్మ ఇంకో ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్. కాంట్రాక్టు పని. పొడిని పాలిథిన్ సంచుల్లో నింపి, మూతులు కట్టి, ఫైబర్ డ్రమ్ముల్లో పెట్టి, పైన లేబుల్ అంటించాలి. ఆ లేబుల్ మీద ఉన్న పేరు ఏ జబ్బుకి మందో అమ్మకి తెలియదు. ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు.

ఆ డ్యూటీకి పోతూ వస్తూ కంపెనీ బస్సులో అమ్మ చదివిన పుస్తకాలివి. అట్ట కనపడకుండా ఈనాడు పేపరు చుట్టేది. రోజుకి రూపాయి అద్దె. మూడు రోజులు దాటితే రెండు రూపాయలు. పదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం.

'సెక్రటరీ' 1960ల నడుమ 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. యద్దనపూడిది కృష్ణా జిల్లా కాజ. అప్పటికామె పాతికేళ్ళ వయసు మనిషి. జయంతి అనే మధ్యతరగతి అమ్మాయి ఉద్యోగం కోసం బయటికొస్తుంది. రాజశేఖరం అనే సంపన్నుడి దగ్గర సెక్రటరీగా చేరుతుంది. అతని గురించి ఊరంతా ఏవేవో అనుకుంటారు. ఆమె తన మర్యాద తాను కాచుకుంటూ ఉంటుంది. కథ ఇంతే. ఈ 'ఇంతే' మీద తర్వాత రెండు దశాబ్దాల పాటు తెలుగు వారపత్రికలు బతికాయి.

దీనికి ముందు తెలుగు ప్రేమకథలో నాయకుడు ఏం చేసేవాడో చూడండి. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం'లో డాక్టరు. ఆ నవలే 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అయింది, నంది అవార్డులు మొదలైన ఏడాది ఉత్తమ చిత్రం అదే. ఆమెదే 'ప్రేమనగర్'. అందులో జమీందారు. మేడ, గుర్రాలు, సీసాలు, దివాణంలో కుట్రలు. ఆ సినిమా 1971 సెప్టెంబరులో విడుదలైంది. అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించి మాజీ సంస్థానాధీశుల రాజభరణాలు రద్దుచేసింది. ఇటు తెలంగాణలో జాగీర్లు 1949లోనే పోయాయి. అంటే నిజం జమీందారు కాగితాల మీద లేకుండా పోయిన ఇరవై ఏళ్ళకి కూడా ప్రేమకథకి అతను పనికొస్తూనే ఉన్నాడు. కాకపోతే ఆ కథలో కూడా ఒక కొత్త విషయం దూరింది. సినిమాలో లత ఎయిర్ హోస్టెస్. ఆ తర్వాత కల్యాణ్ దగ్గర చేరేది సెక్రటరీగానే!

1971లో 'ప్రేమనగర్', 1976లో 'సెక్రటరీ'. రెండిటికీ నిర్మాత డి. రామానాయుడు, దర్శకుడు కె.ఎస్. ప్రకాశరావు, జంట అక్కినేని, వాణిశ్రీ. రెండిటికీ మూలం ఆడవాళ్ళు రాసిన నవలలు. రెండిట్లోనూ నాయిక జీతం తీసుకుని మగవాడి దగ్గర పనిచేసే అమ్మాయి. ఈ సంగతి నాకు ఇంతకుముందు ఎప్పుడూ తట్టలేదు. మేడ, కారు చూసి నవ్వుకున్నాను గానీ, ఆ మేడలోకి అమ్మాయి ఏ దారిన వచ్చిందో గమనించలేదు. పెళ్ళిచూపుల దారిన రాలేదు. అప్లికేషన్ పెట్టుకుని వచ్చింది.

ఆ కాలంలో అదెంత పెద్ద విషయమో మా తరానికి ఊహకందదు. ఆ రోజుల్లో ఏ మాదిరి పట్నంలో చూసినా ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. లోయర్, హయ్యర్ పరీక్షలు, షార్ట్‌హ్యాండ్. ఎస్సెల్సీ అయిన ఆడపిల్ల పెళ్ళి కుదిరేదాకా ఖాళీగా ఉండకుండా టైపుకి వెళ్ళేది. అక్కణ్ణుంచి కొందరు ఆఫీసులకి వెళ్ళారు. తండ్రి, అన్న కాని మగవాడితో ఒకే గదిలో కూర్చుని పనిచేయడం, అతను పేరు పెట్టి పిలవడం, నెలాఖరుకి కవరులో జీతం. దాని చుట్టూ ఎన్ని భయాలు, ఎన్ని ఊహలు ఉండాలి! 'సెక్రటరీ' ఆ భయాన్నీ ఊహనీ ఒక్కచోట కలిపింది. ఆఫీసులో మగవాడు చెడ్డవాడే అయి ఉంటాడని ఇంట్లో భయపెడతారు. నవల ఏమో, కాదు, అతను రాజశేఖరం కూడా కావచ్చు అంటుంది. అబద్ధమే. కానీ ఆ అబద్ధం వెనక నిజంగా ఒక గుమ్మం దాటడం ఉంది.

అదే గుమ్మాన్ని ఏ తియ్యదనమూ లేకుండా చూపించిన నవల అంతకు ఏడెనిమిదేళ్ళ ముందే వచ్చింది. డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు', 1957లో 'తెలుగు స్వతంత్ర'లో మొదలైంది. అందులో ఇందిర ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తుంది. ఆమెకి ఆఫీసులో ఏ రాజశేఖరమూ దొరకడు. అలసట దొరుకుతుంది. సంపాదించే కూతురి మీద ఆధారపడి, ఆ ఆధారం పోతుందేమోనని ఆమె పెళ్ళి గురించి పట్టించుకోని తండ్రి దొరుకుతాడు. నా లెక్కలో ఆ నవల ఈ పదకొండిటి కన్నా చాలా ఎత్తున ఉంటుంది. కానీ అమ్మ పెట్టెలో అది లేదు. చదివావా అంటే, "చదివిన. మంచిగనే ఉంటది. మల్ల చదవబుద్ధి కాలే. అది మన ఇంట్ల సంగతే కదరా," అంది. డ్యూటీ దిగి బస్సెక్కిన మనిషికి మళ్ళీ ఇందిర అలసట ఎందుకు?

ఇక ఫ్యాక్టరీ సంగతి. యద్దనపూడి నాయకులకి ఆస్తి ఉంటుంది, పరిశ్రమలు ఉంటాయి. నవల మూసేశాక ఆ పరిశ్రమలో ఏం తయారయ్యేదో నాకు గుర్తుండదు. గుర్తుండేంతగా ఆవిడ చెప్పరు. అక్కడ సైరన్ మోగదు. షిఫ్టు మారదు. గేటు ముందు టీ బండి ఉండదు. యూనియన్ వస్తే గిస్తే ఒక కుట్రదారుడి రూపంలో వస్తుంది. వాసన అసలే రాదు. ఇది చదువుతూ మొదట్లో నాకు కోపం వచ్చింది. ఎందుకంటే ఆ నవలలు సీరియళ్ళుగా వస్తున్న రోజుల్లోనే ఇటు హైదరాబాదు వాయవ్యాన నిజం ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. బాలానగర్‌లో ఐడీపీఎల్, రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ 1960లలో వచ్చాయి. పటాన్‌చెరులో ఇక్రిశాట్ 1972లో పెట్టారు. పారిశ్రామికవాడ ఆ పక్కనే పెరిగింది. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచే లోక్‌సభకి గెలిచింది. ఆ దశకంలో రోడ్డుకి అటూ ఇటూ పొగగొట్టాలు పుట్టుకొచ్చాయి. ఐడీపీఎల్‌లో పని నేర్చుకుని బయటికొచ్చినవాళ్ళు పెట్టిన మందుల కంపెనీలు బొల్లారం మీదుగా మా కాజీపల్లి, గడ్డపోతారం దాకా పాకాయి. అంటే మన రాష్ట్రంలో పారిశ్రామికవేత్త అనే మనిషి నిజంగా పుట్టిన కాలం, తెలుగు నవలలో అతను ప్రేమికుడిగా పుట్టిన కాలం దాదాపు ఒకటే. జమీందారు దిగిపోయాడు, ఆ కుర్చీలో ఇతను కూర్చున్నాడు. భూమి మీద వచ్చే డబ్బుకి ఉన్న పాతవాసన ఇతని డబ్బుకి లేదు. చదువుకున్నవాడు, ఫారిన్ వెళ్ళొచ్చినవాడు, కష్టపడేవాడు. నవల కట్టిపెట్టిన ఈ మంచిపేరు వెనక పొగగొట్టం కనపడకుండా పోయింది.

ఈ కోపం అమ్మతో చెప్తే ఆవిడ నా మీదే ఎగిరింది. "రోజంతా గా వాసనే పీలుస్తిమి. పైసలు పెట్టి మల్ల గదే చదవాల్నా?"

నా దగ్గర జవాబు లేదు. అప్పుడే ఎప్పుడో పక్కన పెట్టేసిన ఒక పుస్తకం గుర్తొచ్చింది. జానిస్ రాడ్వే అనే అమెరికన్ పరిశోధకురాలు 1984లో 'రీడింగ్ ది రొమాన్స్' అని రాసింది. ఒక ఊళ్ళో పుస్తకాల షాపు చుట్టూ చేరిన ప్రేమ నవలల పాఠకురాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించింది. ఈ నవలల్లో ఏముందని ఆవిడ అడగబోతే, వాళ్ళు చదవడం గురించి చెప్పారు. పుస్తకం చేతిలో ఉన్నంతసేపు ఇంట్లో ఎవరూ తమని పిలవరని, ఆ కాసేపు తమ సొంతమని. నవల లోపల ఉన్న పాతభావాలు వేరు, నవల పట్టుకుని కూర్చోవడమనే పని వేరు అని రాడ్వే తేల్చింది. మా అమ్మకి కంపెనీ బస్సులో పోను నలభై నిమిషాలు, రాను నలభై నిమిషాలు. ఇంటికొస్తే నేను, చెల్లె, పొయ్యి, నీళ్ళ ట్యాంకరు. డ్యూటీలో సూపర్వైజరు. ఎవరిదీ కాని టైము ఆ ఎనభై నిమిషాలే.

మన నవలలు మిల్స్ అండ్ బూన్‌కి కాపీలు అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. 1908లో లండన్లో మొదలైన ఆ సంస్థ, దాన్ని 1971లో కొనేసిన కెనడా వాళ్ళ హార్లెక్విన్, డాక్టర్-నర్సు ప్రేమలు, బాస్-సెక్రటరీ ప్రేమలు పుంఖానుపుంఖాలుగా అమ్మిన మాట నిజమే. పోలికలూ ఉన్నాయి. కానీ ఇవి చదివాక ఒక తేడా నాకు గట్టిగా కనిపించింది. ఇంగ్లీషు ప్రేమ నవలలో ఇద్దరే ఉంటారు. మిగతా లోకం ఫర్నిచరు. మన నవలలో ఇల్లు నిండా జనం. మేనత్తలు, పిన్నులు, బాధ్యత మిగిల్చిపోయిన అన్నలు, కూతురి మీద పెత్తనం చేసే తల్లులు. 'మీనా'నే తీసుకోండి. పట్నంలో డబ్బున్న తల్లి చెప్పుచేతల్లో పెరిగిన అమ్మాయి పల్లెటూరి చుట్టాలింటికి వెళ్ళి అక్కడ తనని తాను కనుక్కుంటుంది. బావతో ప్రేమ ఉంది, నిజమే. కానీ నవలకి ప్రాణం తల్లీకూతుళ్ళ పోరు. 1973లో విజయనిర్మల దాన్ని సినిమా తీసింది. 2016లో త్రివిక్రమ్ 'అ ఆ' చూసినవాళ్ళు వెంటనే 'మీనా'ని తలుచుకున్నారంటే, ఆ పోరు నలభయ్యేళ్ళకి కూడా పాతబడలేదని అర్థం. యద్దనపూడి నవలల్లో నా ఓటు దీనికే. 'సెక్రటరీ'కి కాదు.

నచ్చనివి కూడా చెప్పాలి కదా. అపార్థాలు. వంద పేజీలు సాగే అపార్థాలు! ఒక్క మాట అడిగితే తెగిపోయే ముడిని సీరియల్ అవసరం కొద్దీ పదిహేను వారాలు లాగుతారు. నాయిక ఆత్మాభిమానం కొన్నిచోట్ల వట్టి మొండితనంగా మారిపోతుంది. నాయకుడు చెయ్యి పట్టుకుని లాగడం, చెంపదెబ్బ కొట్టడం ప్రేమకి గుర్తుగా చలామణి అవడం చదువుతుంటే ఇవాళ ఒళ్ళు మండుతుంది. పనిచేసే చోట ఆడవాళ్ళ మీద వేధింపుల చట్టం 2013లో వచ్చింది. మా ఆఫీసులో ఏటా దాని మీద ఒక వీడియో చూపించి, చివర్లో పది ప్రశ్నలకి జవాబులు పెట్టిస్తారు. ఆ ప్రశ్నల్లో చెడ్డ బాస్ చేసే పనులన్నీ మన నాయకులు కనీసం ఒక్కసారైనా చేసినవే. వీటన్నిటికీ విరుగుడులా పెట్టెలో 'స్వీట్ హోమ్' కనిపించింది. బుచ్చిబాబుకి ఫ్యాక్టరీ లేదు, పొడవు లేదు, పెద్ద తెలివి కూడా లేదు. విమల అతణ్ణి నవ్వుతూ నవ్విస్తూ దారిలో పెడుతుంది. ప్రేమ పెళ్ళితో ఆగిపోదు, ఆ తర్వాతే అసలు పని ఉంటుందని రాసిన ప్రేమకథ అది. రంగనాయకమ్మ దాన్ని ప్రేమ నవల అంటే ఒప్పుకుంటారో లేదో!

'వెన్నెల్లో ఆడపిల్ల' వేరే జాతి. 1980లకి వచ్చేసరికి నవలల బజారు మగవాళ్ళ చేతికి వచ్చింది. అంతకుముందు గిరాకీ కోసం కొందరు మగవాళ్ళు ఆడపేర్లతో రాసేవారని చెప్పుకుంటారు. యండమూరికి ఆ అవసరం రాలేదు. ఇందులో రేవంత్ చెస్ ఆటగాడు. తెలుగు ప్రేమకథలో మొదటిసారి నాయకుడికి ఆస్తి బదులు బుర్ర ఉంది. ఒక అమ్మాయి ఫోన్ చేస్తుంది, నంబరు చెప్పదు, లెక్కల చిక్కుముడులు ఇచ్చి కనుక్కోమంటుంది. ఇంజనీర్లకి ఇది ఎందుకు నచ్చుతుందో వేరే చెప్పక్కర్లేదు. నేను కూడా పెన్ను తీసుకుని లెక్క వేసుకున్నా. కన్నడంలో 1995లో సునీల్ కుమార్ దేశాయి 'బెళదింగళ బాలె'గా తీశాడు, అనంత్ నాగ్ నాయకుడు. ఆ సినిమాలో అమ్మాయి మొహమే చూపించరు. అమ్మ కాపీలో చివరి పేజీకి ముందు పేజీలో ఎవరో నీలం పెన్నుతో, "ఇక్కడ ఆపేయండి, ఆ పిల్ల చచ్చిపోతుంది" అని రాశారు. కింద వేరే చేతిరాతలో, "ముందే చెప్పినందుకు నీకు పాపం తగుల్తది." అద్దె పుస్తకాల అంచుల్లో జరిగిన ఈ సంభాషణలని ఎవరన్నా ఏరి దాస్తే బాగుండు. ఏ పత్రికలోనూ అచ్చుకాని పాఠకుల విమర్శ అదే.

ఆ రెండో చేతిరాతలో ఉన్న 'తగుల్తది' దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఎందుకంటే ఈ పదకొండు నవలల్లో ఎవరూ అలా మాట్లాడరు.

నా అసలు ఫిర్యాదు ఇదే కావచ్చు. మాదిరెడ్డి సులోచనది శంషాబాదు. పక్కా తెలంగాణ మనిషి, ఉస్మానియాలో చదివింది, టీచరు. మా పక్క నుంచి వెళ్ళి ఆ వారపత్రికల పోటీలో నిలబడిన రచయిత్రి. పెట్టెలో ఉన్న ఆమె నవలలు రెండూ చదివాను. మేడలు కొంచెం తక్కువ, ఇంటి ఖర్చుల లెక్కలు కొంచెం ఎక్కువ. నాకు అవి దగ్గరగానే అనిపించాయి. కానీ భాష? అదే పత్రికల తెలుగు. కృష్ణా, గుంటూరు వైపు చదువుకున్నవాళ్ళు మాట్లాడే తెలుగు. ఆమెని తప్పుపట్టలేను. ఆ రోజుల్లో అచ్చు కావాలంటే అదే భాష. అయితే దాని ఫలితం ఏమిటంటే, మా అమ్మలాంటి ఆడవాళ్ళకి ప్రేమ అనేది వేరే జిల్లా యాసలో ఉండే వస్తువు అయింది. జయంతి మాట్లాడినట్టు వాళ్ళ ఇళ్ళలో ఎవరూ మాట్లాడలేదు. "గా భాష పరీక్షల రాసేది. దాంట్ల ఎవలన్న ప్రేమిస్తరా?" అని అమ్మ నవ్వుతుంది గానీ, ఆ భాషలోనే కదా ఇరవై ఏళ్ళు చదివింది. 2017లో శేఖర్ కమ్ముల 'ఫిదా' వచ్చినప్పుడు బాన్సువాడ భానుమతి తెలంగాణలో మాట్లాడుతూ ప్రేమించడం చూసి మా ఇంట్లో అందరం నవ్వాం. అమ్మ నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంది. అప్పుడు నాకు అర్థం కాలేదు. సాయిపల్లవి బాగా చేసిందనుకున్నా.

యద్దనపూడి 2018 మేలో కాలిఫోర్నియాలో, కుపర్టినోలో పోయారు. సాఫ్ట్‌వేర్ కంపెనీల నడిబొడ్డున ఉన్న ఊరది. రాజశేఖరాన్ని పుట్టించిన మనిషి అక్కడ ఆఖరి రోజులు గడపడంలో నాకొక వరస కనిపిస్తుంది. జమీందారు, డాక్టరు, పారిశ్రామికవేత్త, ఆ తర్వాత కుర్చీ మా వాళ్ళకి వచ్చింది. అద్దంకి అనంతరామ్ 'రామ్ ఎట్ శృతి డాట్ కామ్' రాసేనాటికి నాయకుడూ నాయికా ఇద్దరూ సాఫ్ట్‌వేరే. ఆ నవల కినిగెలో బాగా అమ్ముడుపోయింది. అది చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం చిన్నది, కానీ నిజమైనది. వాళ్ళు ఏం పనిచేస్తారో నాకు తెలుసు. డెడ్‌లైన్, క్యాబ్, క్యూబికల్. ఇద్దరి జీతాలూ దాదాపు ఒకటే. తెలుగు ప్రేమకథలో అమ్మాయికీ అబ్బాయికీ మధ్య జీతం తేడా తగ్గడానికి అర్ధశతాబ్దం పట్టింది.

అలా అని రాజశేఖరం పోలేదు. ప్రతిలిపి తెరిచి చూడండి. సీఈఓ భర్తలు, కోపిష్టి బాస్‌లు, కాంట్రాక్టు పెళ్ళిళ్ళు, కొత్తగా చేరిన పర్సనల్ అసిస్టెంట్లు. వాళ్ళ కంపెనీల్లో ఏం తయారవుతుందో ఇప్పటికీ ఎవరూ చెప్పరు. ఒకే తేడా, ఇప్పుడవి రాస్తున్నవాళ్ళలో సిరిసిల్ల వాళ్ళు, వనపర్తి వాళ్ళు కూడా కనిపిస్తున్నారు. సంభాషణల్లో మధ్యమధ్య 'ఏందిరా', 'గట్లనా' దొర్లుతున్నాయి. సీఈఓ మాత్రం ఇంకా పుస్తక భాషే మాట్లాడతాడు.

మధ్యలో ఒక పిట్టకథ. మా ఊరి పేరుతో 1,650 ఎకరాల రిజర్వు అడవి ఉంది. 2020 సెప్టెంబరులో నటుడు ప్రభాస్ దాన్ని దత్తత తీసుకుని, అభివృద్ధికి రెండు కోట్లు ఇచ్చాడు. పేపర్లో ఆ ఫొటో చూసి అమ్మ, "చూసినవా, ఆరడుగులోడు మనూరికి రానే వచ్చిండు," అంది. ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా వచ్చాడు, ఫ్యాక్టరీ పెట్టడానికి కాకుండా చెట్ల కోసం వచ్చాడు. అమ్మ లెక్కలో అది ఇంకా మేలు.

ఆ రేకు పెట్టె నుంచి బయటపడిన చివరి సంగతి ఒకటి చెప్పాలి. 'సెక్రటరీ'లో జయంతి ఉద్యోగం వదిలేసి వెళ్ళిపోయే దగ్గర పేజీ మూల మడిచి ఉంది. అద్దె పుస్తకమే కదా, ఎవరు మడిచారో అనుకున్నా. అడిగితే, "నేనే," అంది అమ్మ. ఆ పెళ్ళి, ఆ మేడ గుర్తున్నంతగా ఆ పేజీ కూడా ఆవిడకి గుర్తుంది. ఎందుకు మడిచావంటే చాలాసేపు చెప్పలేదు. తర్వాత చెప్పింది. ఆ పుస్తకం అద్దెకి తెచ్చిన వారంలోనే ప్యాకింగ్ సెక్షన్లో ఒక డ్రమ్ము లేబుల్ తప్పు పడింది. తప్పు అమ్మది కాదు. సూపర్వైజరు అందరి ముందు నోటికొచ్చినట్టు తిట్టి, మూడు రోజుల కూలి కోశాడు. అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు ఏడింటికి మళ్ళీ బస్సెక్కింది. నా టెన్త్ ఫీజు కట్టాల్సిన నెల అది.

"గా పిల్ల చూడు, నాకద్దు నీ నౌకరీ అని లేశి పోయింది. ఎంత మంచిగనిపించిందో. ఒక్కసారన్న అట్ల లేశి పోవాలె అనుకున్న. పదమూడేండ్లు చేసిన. పోలే."

హాస్టల్లో నేను రాసిన వెటకారం వ్యాసం ఫొటోకాపీ అమ్మ దగ్గర ఉండేది. కొడుకు పేరు అచ్చులో పడిందని దాచుకుంది. చదివిందా లేదా అని ఇన్నేళ్ళలో నేను అడగలేదు. ఈసారి కూడా అడగలేకపోయాను.

ఇప్పుడు ఆవిడ ఫోన్లో చదువుతుంది. పదైతే హాల్లో లైటు తీసేసి, కళ్ళజోడు పెట్టుకుని, అక్షరాలు పెద్దవి చేసుకుని. మొన్న రాత్రి నేను మీటింగులో ఉంటే తలుపు తట్టింది. తొంభై రెండో భాగం తాళం పడిందట.

"గా కాయిన్లు ఎట్ల కొంటరురా? పిల్ల రాజీనామా కాయితం రాస్తున్నది. చింపుతడో ఏమో గా సీఈఓగాడు."

మైకు మ్యూట్ చేసి, ఫోన్ తీసుకున్నా.